తీసి పెట్టుకునే పళ్ల సెట్టు – పాఠం 3: క్లాస్ప్ కంటే ముందు రెస్ట్

పోయిన పాఠంలో 1925 నాటి కెనెడీ వర్గీకరణ, అంటే పళ్లు ఎక్కడ పోయాయో బట్టి కేసులను క్లాసులుగా విడదీయడం చదువుకున్నాం. ఇప్పుడు దాన్ని ఒక కేసులో పెట్టి చూద్దాం. కింది దవడ మోడల్. రెండు వైపులా దవడపళ్లన్నీ పోయాయి, చివర మిగిలినవి రెండో ప్రీమోలార్లు (కోరపన్నుకూ దవడపళ్లకూ మధ్య ఉండే రెండు చిన్న పళ్లలో వెనకవి). రెండు వైపులా వెనక పళ్లు లేవు, అంటే క్లాస్ 1. బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు క్లినిక్కుల నుంచి మన ల్యాబులకు ఇలాంటివి బాగానే వస్తాయి. ఊరి నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు ఇంప్లాంట్ ఖర్చు వినగానే "తీసి పెట్టుకునేదే చేయించు నాయనా" అంటారు మరి.

కొత్తగా పని నేర్చుకునేవాళ్లు ఫ్రేమ్ (సెట్టుకు లోహపు చట్రం) చేతికి రాగానే పన్నును పట్టుకునే కొక్కెం, అంటే క్లాస్ప్ వైపే చూస్తారు, పట్టంతా దానిదే అనుకుని. నేనైతే ముందు రెస్ట్, అంటే పన్ను మీద ఆనే చిన్న లోహపు ముక్క చూడమంటాను. సెట్టు ఊడితే పేషెంటుకు చిరాకు, అంతే. సెట్టు చిగురులోకి దిగిపోతే మాత్రం చిగురు, ఎముక రెండూ దెబ్బతింటాయి. దిగకుండా ఆపేది రెస్టే. నమిలే బరువును పన్ను వేరు దిశలో కిందికి పంపే పని దానిది.

పన్ను మీద రెస్ట్ కూర్చోవడానికి డాక్టరు చెక్కే గుంటే రెస్ట్ సీటు. మూలలు నున్నగా తిరిగిన త్రికోణంలా ఉంటుంది. అంచు దగ్గర 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు తగ్గించాలి, లేకపోతే లోహం పలచబడి విరుగుతుంది. అసలు చూడాల్సింది వాలు. సీటు పన్ను మధ్యకు వచ్చేకొద్దీ లోతుగా ఉండాలి. రెస్టుకూ, దాన్ని ఫ్రేమ్‌కు కలిపి మోసే మైనర్ కనెక్టరుకూ మధ్య కోణం 90 డిగ్రీల లోపే. అంతకు మించితే కొరికినప్పుడల్లా రెస్ట్ బయటికి జారుతుంది, పన్నును కూడా పక్కకు నెడుతుంది. సీటు చెక్కని మోడల్ వస్తే ఫ్రేమ్ ఆకారం చేసే వ్యాక్స్ (మైనం) ముట్టుకోకుండా డాక్టరుకు ఫోన్ చెయ్యండి. "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కొంచెం సర్దుకోండి) అంటారు. ఈ ఒక్క విషయంలో అడ్జస్ట్ కావద్దు.

క్లాస్ప్‌కు రెండు చేతులు. పట్టే చెయ్యి కొస సన్నబడి, పన్ను ఉబ్బు కిందికి వెళ్లి ఆగుతుంది. కోబాల్ట్ క్రోమ్‌తో పోత పోస్తే 0.25 మిల్లీమీటర్ల అండర్‌కట్ (ఉబ్బు కింద పన్ను లోపలికి తగ్గిన లోతు) చాలు. వంచిన తీగ అయితే ఇంకా మెత్తగా వంగుతుంది కాబట్టి 0.5 దాకా వెళ్లొచ్చు. రెండో చెయ్యి గట్టిది, ఉబ్బుకు పైన ఉంటుంది. సెట్టు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు మొదటిది పన్నును నెడితే, రెండోది అవతల నుంచి ఆపుతుంది. క్లాస్ప్ అంతా కలిసి పన్నును 180 డిగ్రీలు దాటి చుట్టకపోతే పన్ను పట్టులోంచి జారిపోతుంది.

మన కేసులో రెస్టును ప్రీమోలార్‌కు వెనక పెట్టాలా, ముందా? ముందే. 1963లో క్రాటోచ్‌విల్ అనే దంతవైద్యుడు చెప్పిన ఆలోచన ఇది. వెనక పళ్లు లేవు కాబట్టి నమిలినప్పుడు బేస్ (కట్టుడు పళ్లను మోస్తూ చిగురు మీద కూర్చునే భాగం) చిగురు మీద కాస్త దిగుతుంది. రెస్ట్ ముందువైపు ఉండి, చిగురు వైపు కింది నుంచి 'I' అక్షరంలా నిలువుగా వచ్చే ఐ-బార్ క్లాస్ప్ వాడితే, బేస్‌తోపాటు బార్ కొస కూడా దిగి పన్నును వదిలేస్తుంది. రెస్ట్ వెనక ఉండి మామూలు క్లాస్ప్ వేస్తే దాని కొస పైకి లేచి పన్నును పట్టి గుంజుతుంది.

రెండు వైపులనూ కలిపే మేజర్ కనెక్టర్ ఇక్కడ లింగ్వల్ బార్, అంటే నాలుక వైపు సాగే లోహపు కడ్డీ. నాలుక వైపు చిగురు అంచు నుంచి నోటి అడుగు దాకా సుమారు 8 మిల్లీమీటర్ల చోటు కావాలి. లేదంటే లింగ్వల్ ప్లేట్, అంటే అదే వైపు పళ్ల మీదికి కూడా ఎక్కే రేకు. ఏదైనా సరే, వంగకూడదు. బేస్, పళ్ల అమరిక గురించి తర్వాత.

ఇండైరెక్ట్ రిటైనర్ పేరు వింటేనే స్టూడెంట్లకు టెన్షన్. పేషెంటు చిక్కీ కొరికాడనుకోండి. అది అంటుకుని బేస్‌ను వెనకవైపు పైకి లాగుతుంది. అప్పుడు ఫ్రేమ్ ముందుభాగం కిందికి తిరగబోతుంది. అక్కడ మొదటి ప్రీమోలార్ ముందు అంచులో ఇంకో రెస్ట్ ఉంటే ఆ తిరుగుడు ఆగిపోతుంది. అదే ఇండైరెక్ట్ రిటైనర్.

ఈ వారం అభ్యాసం: మోడల్ మీద రెండు వైపుల ప్రధాన రెస్టులను కలుపుతూ పెన్సిల్‌తో గీత గీయండి. ఫ్రేమ్ తిరిగేది ఈ గీత చుట్టూనే. దాని మధ్య నుంచి ముందుకు లంబంగా ఇంకో గీత గీసి, ఎంత దూరంలో గట్టి పన్ను దొరుకుతుందో చూడండి. దూరం పెరిగేకొద్దీ మంచిదే, కానీ ముందుపళ్ల దాకా పోవద్దు, అవి ఆ బరువుకు ఆగవు. తర్వాత ఫ్రేమ్ పెట్టి, వెనక కొసను వేలితో మెల్లగా పైకి ఎత్తండి. మోడల్ అరిగిపోయేంత గట్టిగా వద్దు. ముందు రెస్ట్ సీటులోనే కదలకుండా ఉందా, పక్కకు జారుతోందా రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో సర్వేయర్ (పళ్ల ఉబ్బు, అండర్‌కట్ కొలిచే పరికరం) మీదికి ఇదే మోడల్ ఎక్కిస్తాం.