పీఎస్పీ ఆట టీవీలోకి ఎందుకు రాలేదంటే

అటకమీద దొరికిన పీఎస్పీ-2000ను (సోనీ వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే ఆటల మిషన్) అనంతపురంలో మా ఇంటి టీవీకి పసుపు పిన్ను ఉండే మామూలు వీడియో వైరుతో తగిలించినా. మెనూ, పాటలు బాగానే వచ్చినాయి, ఆట మాత్రం రాదు. "మామా, ఇది చెడిపోయిండాది" అని అక్క కొడుకు తేల్చేసినాడు. టవర్‌క్లాక్ దగ్గర అంగట్లో ఇంకో పసుపు పిన్ను వైరే అంటగట్టినారు, దండగ!

అసలు సంగతేమంటే, ఈ మోడల్ ఆటల్ని ప్రోగ్రెసివ్ సిగ్నల్‌గానే (బొమ్మలోని గీతలన్నీ ఒకేసారి వరసగా) పంపుతుంది. అది పసుపు పిన్నులో పోదు, బొమ్మకు మూడు, శబ్దానికి రెండు, మొత్తం ఐదు పిన్నులుండే కాంపోనెంట్ వైరు కావల్ల (3000 మోడల్‌కైతే పసుపుదీ పనికొస్తుంది). తెప్పించి, డిస్‌ప్లే బటన్ 5 సెకన్లు నొక్కిపట్టినా. బొమ్మ వచ్చింది, చుట్టూ నల్లటి అంచుతో. పీఎస్పీ ఆట బొమ్మ 480×272 చుక్కలే కదా, టీవీ తెర నిండదు; టీవీ జూమ్‌తో సర్దుకున్నా.

ఈ కాంపోనెంట్ వైరుకు ఎర్ర పిన్నులు రెండుంటాయి, ఒకటి బొమ్మకు, ఒకటి శబ్దానికి. తారుమారు చేసి అరగంట ఆకుపచ్చ మొహాలు చూసినా.