పాత శిస్తు రశీదు నుంచి దేశ ఆర్థిక చరిత్రకు

దేశ ఆర్థిక చరిత్రను చదవదలచిన, ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువారు ఇంటి పెట్టెలోని పాత శిస్తు రశీదుతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. దాని మీద ఫసలీ 1310 అని ఉంటే, అది శిస్తు లెక్కకు వాడిన సంవత్సరం గనుక, 590 కలిపి, 1900 జూలై నుంచి 1901 జూన్ వరకు నడిచిన సంవత్సరంగా చదువుకోవాలి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 దమ్మిడీలు గనుక, 3-8-0 అని రాసి ఉంటే మూడున్నర రూపాయలు. దీన్ని దశాంశంగా పొరబడేవారు తక్కువేమీ కాదు. తరువాత ఆ శిస్తుకు నాడు ఎంత ధాన్యం అమ్మవలసి వచ్చిందో లెక్కగట్టాలి. కుంచం, పుట్టి కొలతలు చోటును బట్టి మారేవి కాబట్టి ముందు వాటిని తేల్చుకోవాలి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా, అప్పట్లో ఈ ప్రాంతాలున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది గనుక, అంతకు ముందరి కాగితాల కోసం భువనేశ్వర్ ఒక్కటే చాలదు, చెన్నైలోని అభిలేఖాగారాన్ని కూడా వెతకాలి. 1931, 1941 జనాభా లెక్కలను పక్కపక్కన పెట్టేటప్పుడు జిల్లా హద్దులు మారిన సంగతి మరువరాదు. ఆ మీదట, 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి రైలు వచ్చాక సంతలో ధరలు ఎలా కదిలాయన్న ప్రశ్న వేసుకోవచ్చు.