బ్రిటన్‌లో జాగ్రఫీ మాస్టర్స్‌కి వస్తున్నారా? మెథడ్స్ క్లాసుని వాయిదా వేయకండి

సెప్టెంబర్‌లో దిగగానే రూమ్, బ్యాంక్ అకౌంట్, పార్ట్‌టైమ్ జాబ్ అంటూ తిరగడంలో పడి రీసెర్చ్ మెథడ్స్ క్లాసుని "తర్వాత చూద్దాంలే" అని వదిలేయకండి. నేను అలాగే వదిలేశాను, డిసర్టేషన్ మొదలుపెట్టాక చాలా బాధపడ్డాను.

డిగ్రీలో లెక్కలు లేనివాళ్లకి స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్ ఉంటుంది. కానీ ఫార్ములాలు బట్టీ పట్టక్కర్లేదు, ఆ లెక్కలన్నీ ఆర్ సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. వచ్చిన అంకె ఏం చెబుతోందో మీ మాటల్లో చెప్పగలగాలి, అంతే. ఆర్, మ్యాపులు గీసే క్యూజీఐఎస్ రెండూ ఉచితమే, ఊళ్లో ఉండగానే లాప్‌టాప్‌లో వేసుకోండి.

అసలు చిక్కు వేరే ఉంది. మామూలు స్టాటిస్టిక్స్‌లో ఒక్కో పరిశీలన దేనికది విడి అనుకుని మొదలుపెడతాం, కానీ నేల మీద అలా ఉండదు, పక్కపక్క వీధుల్లో అద్దెలు దాదాపు ఒకేలా ఉంటాయి కదా. దగ్గరగా ఉన్నవాటి మధ్య సంబంధం ఎక్కువని జాగ్రఫీ శాస్త్రవేత్త వాల్డో టోబ్లర్ 1970లో చెప్పింది ఇదే. అందుకే రిగ్రెషన్ (కొన్ని విషయాలని బట్టి ఇంకోదాన్ని అంచనా వేసే లెక్క) అయ్యాక రెసిడ్యువల్స్‌ని, అంటే ఆ అంచనాకీ అసలు అంకెకీ మధ్య తేడాలని, మ్యాప్ మీద వేసి చూడండి. పెద్దవన్నీ ఒక మూల గుమిగూడితే మీ మోడల్ ఏదో వదిలేసిందన్నమాట. ఆ గుమిగూడటాన్ని కొలిచేదే మొరాన్స్ ఐ.

ఇంకో చిక్కు హద్దులది, ఆ సంగతి మనకి బాగా తెలిసిందే. పాత రంగారెడ్డి జిల్లా సగటులో మల్కాజిగిరి, తాండూరు కలిసే ఉండేవి. 2016లో జిల్లా మూడు ముక్కలయ్యాక అవే ఊళ్లు, అదే జనం, సగటులు మాత్రం వేరు. హద్దులు మార్చి గీస్తే ఫలితమే మారిపోయే ఈ చిక్కుకి క్లాసులో మాడిఫయబుల్ ఏరియల్ యూనిట్ ప్రాబ్లమ్ అని నోరు తిరగని పేరు వినగానే ఇది గుర్తుచేసుకోండి, సగం అర్థమైపోతుంది.

ఇక్కడి సెన్సస్ డేటా చాలా చిన్న ప్రాంతాల వరకూ దొరుకుతుంది. ఉదాహరణకి ఎల్ఎస్ఓఏ (లోయర్ లేయర్ సూపర్ అవుట్‌పుట్ ఏరియా) అంటే సెన్సస్ లెక్కలకోసం గీసిన, 1,000 నుంచి 3,000 మంది ఉండే ప్రాంతం. అయితే ఇంగ్లండ్, వేల్స్‌లో సెన్సస్ జరిగింది 2021 మార్చిలో, అంటే కోవిడ్ ఆంక్షల మధ్య. ఉద్యోగానికి ఎలా వెళ్తున్నారన్న పట్టికని మామూలు రోజుల లెక్కగా తీసుకోకండి. స్కాట్లండ్‌లో 2022లో జరిగింది, రెండూ కలిపేటప్పుడు జాగ్రత్త. మ్యాపులకి డిజిమ్యాప్ అనే వెబ్‌సైట్ ఉంది, మీ యూనివర్సిటీకి సభ్యత్వం ఉంటే ఆ లాగిన్‌తోనే తెరుచుకుంటుంది.

ఇంటర్వ్యూలు చేయాలనుకుంటే ఎథిక్స్ ఫారం (మనుషులతో రీసెర్చ్ చేయడానికి యూనివర్సిటీ అనుమతి కోరే దరఖాస్తు) ముందే పెట్టండి. మన తెలుగువాళ్లే కదా, రూమ్మేట్ల ఫ్రెండ్సే కదా అని అనుమతి రాకముందే మాట్లాడి రికార్డు చేస్తే, ఎంత మంచి మాటలు చెప్పినా వాటిని డిసర్టేషన్‌లో వాడనివ్వకపోవచ్చు.