ఫ్రాన్స్‌కి కొత్తగా వచ్చారా? ఈ దేశం బెంగ ఏమిటో కూడా తెలుసుకోండి

ఇల్లు ఎలా వెతుక్కోవాలి, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, బియ్యం ఎక్కడ దొరుకుతాయి అని చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. నేనూ కొంత చెబుతాను. కానీ సెప్టెంబరులో దిగిన మన పిల్లలు నవంబరు వచ్చేసరికి నాకు ఫోన్ చేసి అడిగేవి వేరే ప్రశ్నలు. "అక్కా, వీళ్ళు ఎప్పుడూ సమ్మె ఎందుకు చేస్తారు? ప్రధానమంత్రులు ఇలా మారిపోతున్నారేమిటి? మనమంటే వీళ్ళకి కోపమా?" చివరి ప్రశ్న అడిగేటప్పుడు గొంతు కాస్త తగ్గుతుంది. ఆ టెన్షన్ నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

పదకొండేళ్ళుగా ఉత్తర ఫ్రాన్స్‌లో ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాను. ఒకప్పుడు నేతమిల్లులు నడిచిన ఊరు. మా పక్కింటి పెద్దాయన ఆ మిల్లుల్లోనే పనిచేసి రిటైరయ్యారు. నేను వచ్చిన రెండో ఏడు శీతాకాలంలో ఒకరోజు కాఫీకి పిలిచారు. వంటింట్లో గళ్ళ మైనపుగుడ్డ పరిచిన బల్ల. దాని సొరుగులోంచి ఒక పుస్తకం తీసి నా ముందు పెట్టారు. 2005లో యూరప్ రాజ్యాంగ ఒప్పందం మీద ఫ్రాన్స్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఆ ఒప్పందం మొత్తం పాఠాన్ని ప్రభుత్వం ప్రతి ఓటరు ఇంటికీ పంపింది. 448 అధికరణాలు. పెద్దాయన దాన్ని పెన్సిల్ పట్టుకుని చదివారు. అక్షరాల కింద గీతలు, పక్కన ప్రశ్నార్థకాలు, ఒకచోట ఏదో కూడిక లెక్క. అంత శ్రద్ధగా చదివి మే 29న వెళ్ళి "వద్దు" అని ఓటేశారు.

ఆయనొక్కరే కాదు. దాదాపు 69 శాతం మంది ఓటేస్తే, వాళ్ళలో 55 శాతానికి కాస్త తక్కువ మంది వద్దన్నారు. మూడు రోజుల తర్వాత నెదర్లాండ్స్ కూడా వద్దంది. ఆ రాజ్యాంగం అక్కడితో ఆగిపోయింది. కానీ అందులోని విషయాలు చాలావరకు లిస్బన్ ఒప్పందంలో మళ్ళీ వచ్చాయి. 2008 మొదట్లో ఫ్రాన్స్ పార్లమెంటు దాన్ని ఆమోదించింది. ఈసారి ప్రజల్ని అడగలేదు.

"మమ్మల్ని అడిగారు. చదివి మరీ చెప్పాం. విన్లేదు" అన్నారు పెద్దాయన, పుస్తకాన్ని మళ్ళీ సొరుగులో పెడుతూ.

ఈ దేశంలో మీరు చూడబోయే కోపంలో చాలా భాగానికి మూలం ఆ మాటలో ఉంది. యూరప్ అక్కర్లేదన్న కోపం కాదది. సరిహద్దు దగ్గర ఆగకుండా బెల్జియం వెళ్ళి కూరగాయలు కొనుక్కొచ్చే మనుషులు వీళ్ళు. మనవళ్ళు ఎరాస్మస్ అనే యూరప్ విద్యార్థి మార్పిడి పథకం కింద స్పెయిన్‌లో చదువుకుని వస్తే మురిసిపోతారు. తమను అడిగి, జవాబు విని, పక్కన పెట్టేశారన్నదే వాళ్ళ బాధ. అంతకుముందు 1992లో, యూరోపియన్ యూనియన్‌కు పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందం మీద అడిగినప్పుడు 51 శాతంతో అవునన్నారు, అదీ అంచు మీద. అంటే ఈ అనుమానం నిన్నామొన్నటిది కాదు.

వెనక ఉద్యోగాల భయం కూడా ఉంది. 2004 మే 1న తూర్పు, మధ్య యూరప్ దేశాలతో కలిపి పది కొత్త దేశాలు యూరోపియన్ యూనియన్లో చేరాయి. తక్కువ కూలికి అక్కడినుంచి పనివాళ్ళు వచ్చేస్తారని ఫ్రాన్స్‌లో పెద్ద చర్చ నడిచింది. "పోలండ్ ప్లంబర్" అన్న మాట ఆ భయానికి పేరైపోయింది. ఆ తర్వాత మనుషులు రావడం కాదు, ఫ్యాక్టరీలే అటు వెళ్ళడం చూశారు. మాకు దగ్గర్లోని అమ్యాఁలో బట్టలారబెట్టే యంత్రాలు చేసే వర్ల్‌పూల్ ఫ్యాక్టరీని పోలండ్‌కు తరలిస్తున్నామని 2017లో ప్రకటించారు. ఆ ఏడు అధ్యక్ష ఎన్నికల రెండు రౌండ్ల మధ్య పోటీలో మిగిలిన మాక్రాఁ, వలసల్ని వ్యతిరేకించే పార్టీ నాయకురాలు మరీన్ లెపెన్ ఇద్దరూ ఒకేరోజు ఆ కార్మికుల దగ్గరికి వెళ్ళారు. టీవీలో ఆ దృశ్యం చూసిన మా వీధివాళ్ళు ఇప్పటికీ ఆ రోజు గురించి చెబుతారు.

యూరో గురించి కూడా ఒక మాట. 2002 జనవరి 1న నోట్లు మారాయి. ఒక యూరోకి 6.55957 ఫ్రాంకులు. మన తాతలు అణాలు, బేడల లెక్క వదలనట్టే ఇక్కడి పెద్దవాళ్ళు ఈ లెక్క వదల్లేదు. బ్రెడ్ కొట్లో ఒక పెద్దావిడ "ఎనిమిది ఫ్రాంకులా!" అని నిట్టూరిస్తే ఆశ్చర్యపోకండి. తన పెన్షన్‌కి ఏమొస్తుందో ఆవిడ లెక్కేసుకుంటోంది.

ఇక పసుపు చొక్కాల నిరసన సంగతి. 2018 నవంబరు 17న మొదలైంది. ఇక్కడ ప్రతి కారులో మెరిసే పసుపు జాకెట్ ఒకటి ఉండి తీరాలని చట్టం. ఇంధనం మీద పన్ను పెంచుతామనగానే జనం ఆ జాకెట్లు వేసుకుని రౌండ్‌అబౌట్ల దగ్గర కూర్చున్నారు. ఒకరోజు మా బస్సు అక్కడ ఆగిపోయింది. చెక్క ప్యాలెట్లు మండుతున్నాయి, చలికి చేతులు కాచుకుంటున్నారు. ఒకావిడ నాకు ప్లాస్టిక్ కప్పులో కాఫీ ఇచ్చింది. ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళకు స్నానం చేయించి అన్నం పెట్టే ఉద్యోగం ఆవిడది. రోజంతా కారు మీదే తిరగాలి. "ఇరవయ్యో తారీఖుకే ఖాతా ఖాళీ. మిగతా పదిరోజులు డీజిల్ ఎక్కడినుంచి తేను?" అంది. నెలాఖరు కష్టం మనకు ఎవరూ అనువాదం చేసి చెప్పక్కర్లేదు. ఆ కాఫీ తాగాకే ఈ దేశం నాకు కాస్త అర్థమవడం మొదలైంది.

ఈమధ్య రాజకీయాలు క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే వార్తలు మధ్యలోంచి చూస్తే ఏమీ అర్థం కాదు. 2024 జూన్ 9న యూరప్ పార్లమెంటు ఎన్నికల్లో లెపెన్ పార్టీ రాసాంబ్లమాఁ నాస్యొనాల్‌కు 31 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. రాత్రి టీవీలో అధ్యక్షుడు మాక్రాఁ జాతీయ అసెంబ్లీని, అంటే పార్లమెంటు దిగువసభను, రద్దు చేస్తున్నానని ప్రకటించారు. బయట ఇంకా వెలుతురుంది, పెద్దాయన తోటలో నీళ్ళు పోస్తున్నారు. నేను గోడమీంచి చెబితే పైపు అలాగే పట్టుకుని నిలబడిపోయారు. తర్వాత జరిగిన ఎన్నికల్లో 577 స్థానాల అసెంబ్లీలో ఎవరికీ మెజారిటీ రాలేదు. ప్రధాని బార్నియే ప్రభుత్వం ఆ డిసెంబరులో అవిశ్వాసంతో పడిపోయింది. 1962 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. తర్వాత వచ్చిన బైరూ 2025 సెప్టెంబరులో విశ్వాస ఓటు ఓడిపోయారు. ఆ వెంటనే వచ్చిన లెకొర్ను ఒక నెలలోపే రాజీనామా చేసి, కొద్దిరోజులకే మళ్ళీ ప్రధాని అయ్యారు.

గొడవంతా బడ్జెట్ దగ్గరే. లోటు జీడీపీలో 3 శాతం దాటకూడదని యూరోపియన్ యూనియన్ నియమం. ఫ్రాన్స్ లోటు చాలా ఎక్కువ, అందుకని 2024లో ఈ దేశం మీద అధిక లోటు చర్యలు మొదలయ్యాయి. ఖర్చు తగ్గించాలంటే పెన్షన్లు, ఆసుపత్రులు, స్కూళ్ళ దగ్గరికి వస్తుంది. 2023లో పదవీ విరమణ వయసు 62 నుంచి 64కి పెంచే చట్టాన్ని అసెంబ్లీలో చివరి ఓటు లేకుండా, రాజ్యాంగంలోని 49.3 అధికరణం వాడి గట్టెక్కించారు. "కరాంత్ నఫ్ త్రువా" అని ఎవరైనా పళ్ళు కొరుకుతూ అంటే అది ఈ 49.3. మళ్ళీ అదే బాధ: మమ్మల్ని అడగలేదు.

ఇప్పుడు మీ పని సంగతి.

దీర్ఘకాల వీసా మీద వచ్చినవాళ్ళు మూడు నెలల్లోపు ఆన్‌లైన్‌లో దాన్ని వాలిడేట్ చేసుకోవాలి. ఇది మర్చిపోతే మిగతావన్నీ చిక్కుల్లో పడతాయి. సెజూర్ కార్డు (ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) రెన్యూవల్‌కి గడువుకు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి, రెండు నెలలకంటే దగ్గరికి రానివ్వకండి. ప్రతి అడుగులో స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఒకసారి నా ఫైలు నెలల తరబడి కదల్లేదు, ఉద్యోగం పోతుందేమోనని నిద్రపట్టలేదు. కౌంటర్ దగ్గర నాకంటే ముందు నిలబడ్డ ఫ్రెంచి ముసలాయన కూడా వెబ్‌సైట్ తెరుచుకోవట్లేదని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆఫీసుల కౌంటర్లు తగ్గి అన్నీ ఆన్‌లైన్ అయిపోవడం వాళ్ళకీ పెద్ద బాధే. ఇద్దరం ఆ రోజు ఒకే బెంచీ మీద కూర్చున్నాం.

విద్యార్థి వీసా మీద ఏడాదికి 964 గంటల వరకు పనిచేయొచ్చు. ఇంటికి హామీదారు లేకపోతే, ముప్పై ఏళ్ళలోపు వాళ్ళకు విజాల్ అనే ఉచిత హామీ ఉంది. ఇల్లు చూడకముందే దానికి దరఖాస్తు పెట్టండి.

సమ్మెను గ్రెవ్ అంటారు. రైళ్ళు, బస్సుల్లాంటి ప్రజాసేవల్లో మన బంద్‌లా ఒక్కసారిగా వచ్చిపడదు, ముందుగా నోటీసు ఇవ్వాలి. రేపు ఏ రైళ్ళు నడుస్తాయో ముందురోజు సాయంత్రం అయిదింటికి రైల్వే ప్రకటిస్తుంది. పరీక్షో, విమానమో ఉంటే ఆ టైముకి ఫోన్ చూసుకుని, అవసరమైతే ఆ రాత్రే బయల్దేరండి. ఆఫీసులో సమ్మెను తిట్టకండి. మీ పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ళ నాన్న పట్టాలమీద పనిచేసి ఉండొచ్చు. మీకున్న వారానికి 35 గంటల నియమం, ఏడాదికి అయిదు వారాల జీతంతో సెలవు కూడా ఇలాంటి పోరాటాల చరిత్రలోంచే వచ్చాయి.

ఊరేగింపులు చూడాలనిపిస్తే వెళ్ళి చూడండి. కార్మిక సంఘాల బెలూన్లు, మెర్గెజ్ సాసేజీల పొగ, బండిమీద పాటలు, పిల్లల్ని భుజాలమీద ఎత్తుకున్న తల్లిదండ్రులు. సెజూర్ కార్డు దగ్గర ఉంచుకోండి. పోలీసులు వెళ్ళిపొమ్మని ప్రకటించాక మాత్రం ఒక్క క్షణం నిలబడొద్దు, వీడియో తీస్తూ అసలే నిలబడొద్దు.

మనమంటే కోపమా అన్న ప్రశ్నకు నిజాయితీగానే చెప్పాలి. కొందరికి ఉంది. వలసల మీద కోపం ఓట్లుగా మారుతోంది. 2022లో లెపెన్ రెండో రౌండులో 41 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకున్నారు. 2024 జనవరిలో వచ్చిన వలస చట్టంలో విదేశీ విద్యార్థులు డిపాజిట్ కట్టాలన్న నిబంధన కూడా పెట్టారు, దాన్ని రాజ్యాంగ మండలి కొట్టేసింది. ఎవరైనా మీ రంగునో, ఊరునో పట్టుకుని దూషిస్తే అది ఇక్కడ నేరం. వివక్ష ఎదురైతే 39 28కి ఫోన్ చేయొచ్చు, ప్రమాదం అనిపిస్తే పోలీసుల నంబరు 17. ఊరుకోకండి. కానీ ఆ పార్టీకి ఓటేసిన ప్రతివాళ్ళూ మీకు శత్రువులు కారు. మా వీధిలో ఎవరు ఎవరికి వేశారో నాకు సుమారుగా తెలుసు. నా కాలు విరిగినప్పుడు రెండు వారాలు సూప్ తెచ్చి పెట్టింది కూడా ఆ వీధే.

కొట్లోకి అడుగుపెట్టగానే, బస్సెక్కగానే "బోంజూర్" అనండి. అనకపోతే మొహమాటం అనుకోరు, పొగరు అనుకుంటారు. "వూ", "తూ" తేడా మనకు నేర్పక్కర్లేదు, మీరు-నువ్వు లాంటిదే. పెద్దవాళ్ళు తామే "తూ" అనుకుందాం అనేదాకా "వూ" అనే అనండి. రాజకీయాల మాట వస్తే తీర్పు చెప్పకండి, "2005లో మీరు ఏం అనుకున్నారు?" అని అడిగి చూడండి. కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడతారు.

ఈ నేలతో మనకు చుట్టరికం కూడా ఉంది. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉంది. ఫ్రెంచి పౌరసత్వం ఉన్న యానాం కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పారిస్‌లో లా షపెల్ వైపు వెళ్తే శ్రీలంక తమిళుల కొట్లలో కరివేపాకు, చింతపండు దొరుకుతాయి. ఆగస్టు చివర్లో అక్కడి వినాయకుడి గుడినుంచి రథం బయల్దేరినప్పుడు వీధంతా పగిలిన కొబ్బరికాయలే.

యూరోపియన్ యూనియన్ దేశాల పౌరులు కాని మనకు ఇక్కడ ప్రభుత్వ ఎన్నికల్లో ఓటు లేదు. కానీ విశ్వవిద్యాలయ మండళ్ళకు, హాస్టళ్ళు నడిపే క్రూస్‌కు జరిగే విద్యార్థి ఎన్నికల్లో మీకు ఓటుంది. ఉద్యోగం వచ్చాక కంపెనీలో ఉద్యోగుల ప్రతినిధుల ఎన్నికల్లోనూ ఉంటుంది. ఈమెయిల్లో నోటీసు వస్తుంది, చాలామంది చూడకుండా చెరిపేస్తారు. తెరిచి చదవండి, వెళ్ళి ఓటేయండి. మొదటిసారి నేను ఓటేసి వచ్చానని చెబితే పెద్దాయన కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుని ఊపారు. తర్వాత సొరుగు తెరిచి ఆ పెన్సిల్ గీతల పుస్తకం పక్కనే నా ఓటరు చీటీ ఎక్కడ పెట్టాలో చూపించారు.