బైక్ అలారానికి ఇగ్నీషన్ కట్ కలిపే పద్ధతి

అలారం ఎంత గట్టిగా మోగినా దానంతట అది బండిని ఆపలేదు. రద్దీ వీధుల్లో ఆ మోతను పట్టించుకునేవారూ తక్కువే. అందుకే అలారం లాక్‌లో ఉన్నప్పుడు ఇంజిన్‌కు స్పార్క్ అందకుండా చేసే ఏర్పాటు కూడా ఉండాలి. అయితే దారి మధ్యలో అలారం పెట్టె పాడైనా, దాని తీగ ఊడినా నడుస్తున్న ఇంజిన్ ఆగిపోకుండా ఈ ఏర్పాటు చేయడం ముఖ్యం. లారీల నడుమ వెళ్తుండగా ఇంజిన్ ఆగడం దొంగతనం కన్నా పెద్ద ప్రమాదం.

ముందుగా మీ బండి ఏ రకమో తేల్చుకోవాలి. ఇక్కడ చెప్పే పద్ధతి బ్యాటరీ కరెంటుతో పనిచేసే సీడీఐ (స్పార్క్‌ను పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్న కార్బురేటర్ బండ్లకు వర్తిస్తుంది. సీడీఐ కప్లర్‌లోని (తీగలు కలిసే ప్లగ్గులోని) ఒక తీగలో తాళం ఆన్ చేసినప్పుడు 12 వోల్టులు, ఆఫ్ చేసినప్పుడు సున్నా కనిపిస్తే మనకు కావలసిన తీగ అదే. అలా కాక, తాళం ఆఫ్ చేసినప్పుడు ఒక తీగ ఎర్త్‌కు (బ్యాటరీ మైనస్‌కు) కలిసిపోయి, ఆన్ చేసినప్పుడు విడిపోతుంటే అది మాగ్నెట్ కాయిల్ కరెంటుతో నడిచే పాత రకం సీడీఐ అని అర్థం. ఆ తీగకు 12 వోల్టులు ఎట్టి పరిస్థితిలోనూ తగలనివ్వరాదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 ఇంజెక్షన్ బండ్లలో ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) తీగలను కత్తిరించడం మంచిది కాదు. వాటిని అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించడం మేలు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీగను విప్పాలి. కార్లలో వాడే 12 వోల్టుల ఐదు పిన్నుల రిలే (లోపలి కాయిల్‌కు కరెంటు అందితే మారే స్విచ్) తీసుకోండి. గుర్తించిన తీగను సీడీఐకి కొద్ది దూరంలో కత్తిరించి, తాళం వైపు నుంచి వచ్చే కొసను 30వ పిన్నుకు, సీడీఐ వైపు వెళ్లే కొసను 87ఏ పిన్నుకు కలపాలి. 30, 87ఏ మామూలుగా కలిసే ఉంటాయి కనుక, రిలే కాయిల్‌కు కరెంటు అందనంతవరకు బండి ఎప్పటిలాగే నడుస్తుంది. 87వ పిన్నుకు ఏమీ కలపకుండా దాన్ని స్లీవ్‌తో మూసివేయాలి.

కాయిల్ ప్లస్‌ను ఎక్కడి నుంచి తీసుకుంటామన్నదే ఇందులో అసలు కిటుకు. 30కి వచ్చిన తీగ నుంచే ఒక ముక్కను 86కు ఇచ్చి, లాక్ అయినప్పుడు ఎర్త్ ఇచ్చే అలారం తీగను 85కు కలపాలి. దొంగ స్విచ్ తీగలను జతచేసి కరెంటు పంపినా, ఆ కరెంటే రిలేను లాగి స్పార్క్‌ను ఆపేస్తుంది. ప్లస్‌ను నేరుగా బ్యాటరీ నుంచి ఇస్తే మాత్రం, సుమారు 150 మిల్లీ ఆంపియర్లు తాగే కాయిల్ 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీని ఒక్క రోజులోనే దాదాపు ఖాళీ చేస్తుంది. ఎర్త్‌కు బదులు ప్లస్ ఇచ్చే అలారమైతే ఈ అమరిక పనికిరాదు. 85, 86 నడుమ 1ఎన్4007 డయోడ్‌ను (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే చిన్న భాగం), దాని వెండి గీత 86 వైపు ఉండేలా కలపడం మరవకండి; లేకపోతే కాయిల్ ఆగినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజీ అలారం పెట్టెను దెబ్బతీయవచ్చు.

తీగలను మెలిపెట్టి టేపు చుట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. ప్రతి అతుకునూ టంకం వేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, కదలకుండా కట్టాలి. రిలేను ట్యాంకు కింద, పిన్నులు నేలవైపు ఉండేలా బిగిస్తే నీరు నిలవదు, దొంగ చేతికీ సులభంగా అందదు.

చివరగా పరీక్షలు చేయాలి. అలారం లాక్ చేసి తాళం ఆన్ చేస్తే రిలే టిక్కుమనాలి, ఇంజిన్ స్టార్ట్ కాకూడదు. తర్వాత అన్‌లాక్ చేసి, బండిని సెంటర్ స్టాండ్‌పై నడుపుతూ రిమోట్‌లో లాక్ నొక్కండి. ఇంజిన్ ఆగితే, తాళం ఆన్‌లో ఉందని అలారానికి తెలిపే తీగ సరిగా కలవలేదన్నమాట. దాన్ని సరిచేయకుండా బండిని రోడ్డెక్కించవద్దు. తర్వాత అలారం కప్లర్‌ను పూర్తిగా ఊడదీసి చూడండి; అప్పుడు కూడా బండి మామూలుగానే స్టార్టవ్వాలి. రిలే వద్ద 30, 87ఏ పిన్నులకు వెళ్లే రెండు కొసలకు కప్లర్లు పెట్టుకుంటే, ఎప్పుడైనా రిలే పాడైనప్పుడు వాటిని నేరుగా కలిపి ఇంటికి చేరవచ్చు.