సీనియర్లకు ఓఓపీ ట్రైనింగ్ ఇచ్చినా కోడ్ మారడం లేదా? ముందు సెట్టర్లు వెతకండి

ట్రైనింగ్ అయిపోతుంది. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అందరూ బాగుందనే రాస్తారు. నెల తర్వాత పుల్ రిక్వెస్టులు (రివ్యూకి పంపిన కోడ్ మార్పులు) తెరిచి చూస్తే కోడ్ మాత్రం పాత దారిలోనే పోతూ ఉంటుంది. ఎనిమిది, పదేళ్ల అనుభవం ఉన్న జావా టీములకు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ (ఓఓపీ) పద్ధతులు నేర్పేవాళ్ల దగ్గర నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. క్లాస్, ఇంటర్‌ఫేస్, ఇన్‌హెరిటెన్స్ మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు

క్లాసు మొదలుపెట్టే ముందు ఆ టీమ్ కోడ్ చదివారా? చాలాచోట్ల లేదనే జవాబొస్తుంది. స్లైడ్లు రెడీ, జంతువు-కుక్క-పిల్లి ఉదాహరణ రెడీ, కోడ్ మాత్రం ఎవరూ తెరవలేదు. పదేళ్లు పనిచేసినవాళ్లకు కుక్క ఎలా మొరుగుతుందో చెబితే మర్యాదకి తలూపుతారు, అంతే. గిట్ లాగ్‌లో (కోడ్ మార్పుల చరిత్రలో) గత ఆరు నెలల్లో ఎక్కువసార్లు మారిన పది ఫైళ్లు తీయండి. సిలబస్ అక్కడే ఉంటుంది. దయచేసి ఈ ఒక్క పని దాటేయకండి. దీనికి ఒక పూట చాలు.

లక్షణం: ఎక్సర్‌సైజులు చక్కగా చేస్తారు, సొంత ప్రాజెక్టులో మాత్రం రూల్స్ అన్నీ సర్వీస్ క్లాసుల్లోనే ఉంటాయి

ఎంటిటీ క్లాసులో (డేటాబేస్ టేబుల్‌కి జోడీగా ఉండే క్లాసు) ఫీల్డులు, వాటి విలువ చదివే గెట్టర్లు, మార్చే సెట్టర్లు తప్ప ఇంకేమీ ఉండదు. మార్టిన్ ఫౌలర్ 2003లోనే దీన్ని అనీమిక్ డొమైన్ మోడల్ (రక్తహీనమైన మోడల్) అన్నారు. ఈ మాట సీనియర్లందరూ విన్నదే. తెలిసి కూడా ఎందుకు మళ్లీ అక్కడికే వస్తున్నారన్నది అసలు ప్రశ్న. ‘వీళ్లు మారరు’ అని మేనేజర్ తేల్చేస్తాడు. అది నిజం కాదు. కారణం చాలాసార్లు ఒకే ఒక్క అనోటేషన్‌లో (కోడ్‌కి ‘@’తో తగిలించే గుర్తు) దాక్కుని ఉంటుంది.

ఒక ఆర్డర్ క్లాసు తీసుకుందాం. డిస్పాచ్ అయిన ఆర్డర్‌ని క్యాన్సిల్ చేయకూడదన్నది రూల్. ఆర్డర్ సర్వీసులో స్టేటస్ అడిగి చూసే ఒక ఇఫ్ ఉంది. కస్టమర్ కేర్ స్క్రీన్ వెనకున్న ఇంకో సర్వీసులో అదే ఇఫ్‌ని కాపీ చేశారు. పేమెంట్ రాని ఆర్డర్లను రాత్రిపూట క్యాన్సిల్ చేసే బ్యాచ్ జాబ్‌లో ఆ ఇఫ్ అసలు లేదు. ట్రైనింగ్ విన్న డెవలపర్ శ్రద్ధగా ఆర్డర్ క్లాసులోనే ‘క్యాన్సిల్’ మెథడ్ రాసి, రూల్‌ని అందులోకి తెచ్చాడు. మంచి పని. కానీ క్లాసు పైన గెట్టర్లు, సెట్టర్ల లాంటివి తానే పుట్టించే లోంబోక్ లైబ్రరీ వాళ్ల ‘@డేటా’ అలాగే ఉంది. అది ఫైనల్ కాని ప్రతి ఫీల్డుకీ సెట్టర్ పుట్టిస్తుంది. కాబట్టి ‘సెట్‌స్టేటస్’ ఇంకా తెరిచే ఉంది. బ్యాచ్ జాబ్ దాన్నే వాడుతోంది. రేపు టీములో చేరినవాడికి ఐడీఈ (కోడ్ రాసుకునే టూల్) కూడా దాన్నే చూపిస్తుంది. ఆ సెట్టర్‌ని ఎవరూ చేత్తో రాయలేదు కాబట్టి ఫైల్లో కనబడదు, రివ్యూలో ఎవరి కంటికీ ఆనదు. తాళం వేసిన ఇంటికి పెరటి తలుపు తీసి ఉన్నట్టే.

మరి ఎందుకు తీసేయరు? అడిగితే ‘సెట్టర్లు లేకపోతే హైబర్నేట్ పనిచేయదు కదండీ’ అంటారు. ఈ అపోహే అన్నిటికీ మూలం. ఆబ్జెక్టుల్ని డేటాబేస్‌లో దాచే లైబ్రరీ హైబర్నేట్. అది పాటించే జావా ప్రమాణం జేపీఏ. జేపీఏకి కావాల్సింది పారామీటర్లు లేని ఒక కన్‌స్ట్రక్టర్. అది ప్రొటెక్టెడ్ అయినా సరిపోతుంది. ‘@ఐడీ’ని ఫీల్డు మీద పెడితే హైబర్నేట్ నేరుగా ఫీల్డుల్నే చదివి నింపుతుంది, సెట్టర్ల జోలికి రాదు.

దీని వెనక ఇంకో పాత అలవాటు ఉంది. అమీర్‌పేట కోచింగ్ రోజుల నుంచి ఇంటర్వ్యూల కోసం బట్టీపట్టిన ఓఓపీ నాలుగు పిల్లర్లలో, ఎన్‌క్యాప్సులేషన్ అంటే ప్రైవేట్ వేరియబుల్స్, పబ్లిక్ గెట్టర్లు, సెట్టర్లు అనే నేర్చుకున్నాం. జావాలో ఈ గెట్-సెట్ పేర్లు స్థిరపడింది 1997 నాటి జావాబీన్స్ స్పెసిఫికేషన్‌తో. విజువల్ టూల్స్‌లో కాంపొనెంట్ల ప్రాపర్టీలు మార్చుకోవడానికి అవి పనికొచ్చాయి. బిజినెస్ రూల్‌ని కాపాడటం వాటి పని కానే కాదు.

పరిష్కారం క్లాసులోనే, వాళ్ల కోడ్ మీదే, వాళ్ల చేతే చేయించండి. ‘సెట్‌స్టేటస్’ మీద ఫైండ్ యూసేజెస్ (ఎక్కడెక్కడ వాడారో వెతికే ఆప్షన్) కొట్టించండి. వచ్చిన ప్రతి లైను దగ్గరా ‘ఇక్కడ నిజంగా ఏం జరుగుతోంది?’ అని అడగండి. ‘క్యాన్సిల్ చేస్తున్నాం’, ‘డిస్పాచ్ చేస్తున్నాం’, ‘రిటర్న్ తీసుకుంటున్నాం’ అని వాళ్లే చెబుతారు. ఆ క్రియలే మెథడ్లు. తర్వాత ‘@డేటా’ తీసేసి ‘@గెట్టర్’ ఒక్కటే ఉంచమనండి. కంపైలర్ ఎర్రగా చూపించిన ప్రతి చోటూ సరిచేయాల్సిందే. అన్నీ సరిచేశాక అప్లికేషన్ స్టార్ట్ చేసి టెస్టులు నడపండి. సెట్టర్లు లేకుండా హైబర్నేట్ సేవ్ చేయడం కళ్లారా చూస్తే తప్ప సీనియర్లు నమ్మరు. అలా అనుమానించడం కూడా సబబే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఏపీఐకి వచ్చే జేసన్‌ని (బయటి నుంచి వచ్చే డేటాని) నేరుగా ఎంటిటీలోకి ఎక్కించకండి, సెట్టర్లు మళ్లీ ఆ దారినే తిరిగొస్తాయి. దానికి వేరే రికార్డ్ క్లాసు (ఫీల్డులు మార్చలేని డేటా క్లాసు) పెట్టండి. జావా 16 నుంచి రికార్డులు భాషలోనే ఉన్నాయి. రెండోది, ‘గెట్‌ఐటమ్స్’ అసలు లిస్టునే ఇచ్చేస్తుంటే బయటివాళ్లు అందులో ఐటమ్ కలిపేయగలరు, బిల్లు మొత్తానికి ఆ సంగతే తెలియదు. అదీ మారువేషంలో ఉన్న సెట్టరే. బయటకు కాపీ ఇవ్వండి.

‘@డేటా’ తీసేస్తే ఇంకో లాభం కూడా ఉంది. ఆర్డర్, ఐటమ్ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నప్పుడు, అది పుట్టించిన ‘టూస్ట్రింగ్’, ‘హ్యాష్‌కోడ్’ ఒకదాన్నొకటి పిలుచుకుంటూ స్టాక్ ఓవర్‌ఫ్లో (అంతులేని పిలుపులతో వచ్చే ఎర్రర్) తెచ్చేవి. ఆ టెన్షన్ కూడా పోతుంది.

లక్షణం: ట్రైనింగ్ తర్వాత ప్రతి క్లాసుకీ ఒక ఇంటర్‌ఫేస్, ఒక ఫ్యాక్టరీ

డిజైన్ ప్యాటర్న్‌లను (ఫ్యాక్టరీ లాంటి రెడీమేడ్ పరిష్కారాలను) సమస్య చెప్పకుండా జాబితాలా చెప్పినందుకు వచ్చేది ఇది. రెండో ఇంప్లిమెంటేషన్ ఏదో చూపించమనండి. చూపించలేకపోతే ఇంటర్‌ఫేస్ తీసేయించండి. అవసరం వచ్చినరోజు ఐడీఈతో నిమిషంలో పెట్టుకోవచ్చు.

లక్షణం: బేస్ సర్వీస్ కింద బేస్ సర్వీస్, నాలుగంతస్తుల ఇన్‌హెరిటెన్స్

కోడ్ మళ్లీ రాయక్కర్లేకుండా ఎక్స్‌టెండ్స్ వాడటం అలవాటైపోయింది. దీనికి జావా లైబ్రరీలోనే మంచి ఉదాహరణ ఉంది: స్టాక్ క్లాసు వెక్టర్‌ని (లిస్టు లాంటి క్లాసుని) ఎక్స్‌టెండ్ చేస్తుంది. దాంతో పై నుంచి మాత్రమే పెట్టి తీయాల్సిన స్టాక్‌లో ఎవరైనా మధ్యలో ఎలిమెంట్ దూర్చేయొచ్చు. ఆ మెథడ్ వారసత్వంగా వచ్చేసింది మరి. స్క్రీన్ మీద రెండు లైన్లు రాసి నడిపి చూపించండి, వెంటనే అర్థమవుతుంది. తర్వాత వాళ్ల బేస్ క్లాసు తెరిచి, పిల్ల క్లాసులకు అక్కర్లేని మెథడ్లు ఎన్ని అంటుకున్నాయో చూసి, ఫీల్డుగా పెట్టుకోగలిగినవి ఫీల్డుగా మార్పించండి.

ఏ బాధ్యత ఏ క్లాసుదో తేలక వాదన పెరిగితే సీఆర్‌సీ (క్లాస్, రెస్పాన్సిబిలిటీ, కొలాబొరేటర్) కార్డులు పంచండి. వార్డ్ కన్నింగ్‌హామ్, కెంట్ బెక్ 1989లో వీటిని ఓఓపీ నేర్పడానికే పరిచయం చేశారు, పాత పద్ధతిలో అనుభవం ఉన్నవాళ్లను కూడా దృష్టిలో పెట్టుకుని. ఒక క్లాసు పేరు, దాని బాధ్యతలు, దానికి తోడుండే క్లాసులు, అన్నీ ఒక చిన్న కార్డులో పట్టాలి. పట్టకపోతే ఆ క్లాసు మోస్తున్న బరువు ఎక్కువైందన్నమాట.

మిగతావి

‘చిన్న మెథడ్లు పెడితే స్లో అవుతుంది’ అనేవాళ్లు ఉంటారు. అలాంటి మెథడ్లను జేవీఎం (జావాని నడిపే ఇంజిన్) ఇన్‌లైన్ చేసేస్తుంది, అంటే పిలిచిన చోటే ఆ కోడ్ పెట్టేస్తుంది; ప్రొఫైలర్ (వేగం కొలిచే టూల్) చూపిస్తే తప్ప పట్టించుకోకండి. జావా వదిలి వేరే భాషకు మారితే బాగుపడే సందర్భం ఇంకా అరుదు. ఇక టేబుల్ నుంచి తీసి స్క్రీన్‌కి ఇచ్చే రిపోర్టులు మాత్రమే రాసే టీమ్ అయితే, కాపాడాల్సిన రూల్సే లేవు కాబట్టి గెట్టర్లతోనే కానివ్వండి. ఆ గంటలు వాళ్లకు ఎస్‌క్యూఎల్ మీద పెట్టండి.