చేతినిండా పని, చేతిలో సున్నా: చేతిపని వ్యాపారంలో సమస్యలు - పరిష్కారాలు

వడ్రంగం, వైరింగ్, వెల్డింగ్, కుట్టుపని, ఏదైనా సరే. పని బాగా వచ్చి, చిన్న వయసులోనే సొంతంగా మొదలుపెట్టినవాళ్లకు ఎదురయ్యే చిక్కులు దాదాపు ఒకే తీరులో ఉంటాయి. మోటారులో శబ్దం వస్తే బేరింగా, బెల్టా, బిగింపా అని చూసి గానీ విప్పరు. అదే మనిషి వ్యాపారంలో మాత్రం ఆ ఓపిక చూపించడు. డబ్బు చాలకపోతే ఇంకో పని ఒప్పుకుంటాడు, పని రాకపోతే రేటు తగ్గిస్తాడు. ఈ రెండూ చాలాసార్లు జబ్బును పెంచే మందులే.

తీరిక లేదు, డబ్బూ లేదు

పొద్దున్నుంచి రాత్రిదాకా పనే. నెలాఖరుకు లెక్క చూసుకుంటే కూలికి వెళ్లినప్పుడే నయమనిపిస్తుంది.

లోపం రేటు కట్టిన తీరులో ఉంటుంది. రోజుకూలిని గంటలతో భాగించి, పైన కాస్త వేసుకుని, అదే తన రేటు అనుకుంటారు. కూలికి వెళ్లినన్నాళ్లు ఉన్న గంటలన్నిటికీ డబ్బు వచ్చేది. కొలతలకు వెళ్లిరావడం, సామాను తేవడం, ఫోన్లు, ధర రాసివ్వడం, బాకీ కోసం తిరగడం యజమాని తలనొప్పిగా ఉండేవి. ఇప్పుడు ఆ యజమాని మీరే. ఆ గంటలకు విడిగా ఎవరూ డబ్బివ్వరు.

రెండు వారాలు ఏ గంట దేనికి పోయిందో నోటుపుస్తకంలో రాయండి. వారానికి 48 గంటలు కష్టపడితే బిల్లులోకి ఎక్కినవి 28 అని తేలిందనుకుందాం. మీ జీతం, అద్దె, కరెంటు, ప్రయాణం, బీమా, పనిముట్ల అరుగుదల అన్నీ వారం లెక్కన కూడి, ఆ మొత్తాన్ని బిల్లు గంటలతో భాగించండి. 48తో భాగిస్తే వచ్చేదానికంటే ఈ అంకె 71 శాతం ఎక్కువ ఉంటుంది. చూసి ఉలిక్కిపడటం సహజమే, కానీ నిజమైన రేటు అదే.

సామానులోనూ ఇలాంటి చిల్లే ఉంటుంది. 100కు కొన్నదానిపై 25 శాతం వేసి 125కు ఇస్తే, అమ్మకంలో మిగిలేది 20 శాతమే. 25 శాతం మిగలాలంటే ఖర్చును 0.75తో భాగించాలి, అంటే 133 అవుతుంది. ఇక తరుగు. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది. నిలువు గీతలున్న షీటును అడ్డంగా తిప్పి కోయలేం, అందులో 26 అంగుళాల వెడల్పు తలుపు కోస్తే పక్కన దాదాపు 22 అంగుళాల ముక్క మిగులుతుంది. రెండో తలుపుకు అది చాలదు. చదరపు అడుగుల లెక్కన ధర చెప్పినవాడు ఆ ముక్కను తన జేబులోంచి కొన్నట్టే. అందుకే ధర చెప్పే ముందు ఏ ముక్క షీటులో ఎక్కడ వస్తుందో కోత పటం గీయాలి, ఎన్ని పూర్తి షీట్లు పడతాయో లెక్కపెట్టాలి.

లాభం కాగితం మీదే ఉంది

లెక్క ప్రకారం మిగులు ఉంటుంది, రేపటి సామానుకు డబ్బు ఉండదు. సామానుకు ముందే కట్టి, పనికి ఆఖర్న తీసుకుంటే ఇలాగే అవుతుంది. సామాను ఖర్చంతా అడ్వాన్సుగా తీసుకోండి. సగం పని పూర్తయ్యాక మరో విడత, అప్పగించిన రోజున చివరి విడత. ఆ చివరిది చిన్నదిగా ఉండాలి, ఎగ్గొట్టినా మీరు మునగనంత చిన్నదిగా.

ఇదే జబ్బుకు ఇంకో ముదిరిన రూపం ఉంది. అన్నిటికంటే నాకు భయం దీనికే. కొత్త కస్టమరు ఇచ్చిన అడ్వాన్సుతో పాత కస్టమరు పని పూర్తిచేయడం. బయటికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది, ఒక్క నెల కొత్త పని ఆగితే ఇద్దరికీ జవాబు చెప్పలేరు. పరీక్ష తేలిక: ఈరోజు నుంచి ఒక్క అడ్వాన్సు కూడా రాకపోతే, ఒప్పుకున్న పనులన్నీ పూర్తిచేయగలరా? లేకపోతే కొత్తవి ఆపి, ఉన్నవి ముగించండి. ఆపైన అడ్వాన్సులకు వేరే బ్యాంకు ఖాతా పెట్టి, ఏ పని డబ్బు ఆ పనికే తీయండి. సొంత ఖర్చుకు నెలకు ఒకసారి, అనుకున్నంతే.

ధర వినగానే "ఆలోచించి చెబుతాం" అంటున్నారు

ముందు లెక్క కట్టండి. గడిచిన పది ధరల్లో ఎన్ని ఒప్పుకున్నారు? దాదాపు అందరూ ఒప్పుకుంటే మీ రేటు తక్కువ, సంతోషించాల్సిన పని లేదు. ఒక్కరూ ఒప్పుకోకపోతే, రేటు మీద చెయ్యి వేసే ముందు మీరు ఇచ్చిన కాగితం చూడండి. ఉత్త అంకె ఒక్కటే ఉంటే కస్టమరు పోల్చగలిగేది కూడా అంకెనే. ఏ సామాను, ఎంత మందం, ఎన్ని రోజులు, ఏది కలిసింది, ఏది కలవలేదు, తర్వాత ఎన్నాళ్లు చూసుకుంటారు, ఇవన్నీ రాయండి.

బేరమాడితే ధర తగ్గించకండి, పని తగ్గించండి. 100లో 30 మిగిలేచోట 10 తగ్గిస్తే మిగిలేది 20. పాత లాభం రావాలంటే ఒకటిన్నర రెట్లు పని చేయాలి. అన్ని చేతులు మీకు లేవు.

"ఎలాగూ వచ్చావు కదా బాబూ, అది కూడా కాస్త చూసిపో"

మొహమాటమే కారణం. "తప్పకుండా చూస్తానండీ. అది వేరే పని, ఇంత అవుతుంది. చేయమంటారా?" అని అడగండి, ఒప్పుకుంటే అక్కడే ఫోనులో రాసి పంపండి. రెండు నిమిషాల పనైతే ఉచితంగా చేయండి, కానీ బిల్లులో రాసి ఎదురుగా సున్నా వేయండి.

చేసిన పనికే మళ్లీ మళ్లీ పిలుపులు

అలమర తలుపు రాసుకుంటోందని పిలిస్తే వెళ్లి కీలు మరలు తిప్పి వస్తారు. నెల తిరక్కుండా మళ్లీ అదే ఫోను. కీలు సరిచేసినా నిలవకపోతే పెట్టె మూలమట్టం చూడండి. మూల నుంచి మూలకు ఐమూలగా తీసిన రెండు కొలతలూ సమానంగా లేకపోతే ఎన్ని మరలు తిప్పినా లాభం లేదు. అడుగున చెక్క పెట్టి పెట్టెను మట్టం చేయాలి, ఆ తర్వాతే తలుపు.

ప్రతి పిలుపునూ కారణంతో సహా రాసిపెట్టండి: సామానుదా, మన చేతిదా, వాడకందా? ఒకే కారణం మూడోసారి కనిపిస్తే దాన్ని అప్పగింతకు ముందు చూసే జాబితాలో చేర్చండి. ఈ తిరుగుడు గంటలు కూడా రేటులో పడాల్సినవే.

కుర్రవాళ్లని నమ్మడం లేదు

వయసు మార్చలేరు. ఆధారం మాత్రం చూపించగలరు: గోడ లోపలి వైరింగు మూయకముందు తీసిన ఫోటోలు, రాతపూర్వక ధర, చెప్పిన వేళకు రావడం, ఆలస్యమైతే ముందే ఫోను చేయడం. 18 ఏళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చాలా దేశాల్లో వాళ్లను కట్టిపడేయదు, అందుకే కస్టమరు వెనకాడతాడు. అప్పటిదాకా పెద్దవాళ్ల పేరిట నడపడమే దారి. విద్యుత్తు, గ్యాసు పనులకు లైసెన్సు అడిగే చోట, అది చేతికి వచ్చేవరకు లైసెన్సు ఉన్నవారి కిందే చేయండి. ఇక్కడ పొరపాటు జరిగితే ప్రాణాలు పోతాయి.

మనిషిని పెట్టుకున్నాక పని ఇంకా పెరిగింది

అంతా మీ తలలోనే ఉండి, సాయానికి వచ్చినవారు ప్రతిదానికీ మిమ్మల్నే అడగాల్సి వస్తే ఇంతే. నాలుగు రకాల పనుల్లో తలా కాస్త ఇవ్వకండి. ఒక రకం పనిని మొదటి నుంచి చివరిదాకా, కొలతల కాగితంతో సహా అప్పగించండి. మొదట్లో మీకంటే నెమ్మదిగా చేస్తారు, ఆ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకోండి. వారాల తరబడి డబ్బున్న పనిని వద్దనాల్సి వస్తూ, మూడు నెలల జీతం విడిగా దాచగలిగినప్పుడే మనిషిని తీసుకోవాలని నా అభిప్రాయం.

కొత్త యంత్రం కొన్నాక వాయిదాలు మింగేస్తున్నాయి

యంత్రం ఉంటే పని వస్తుందనుకుని కొంటారు. ముందు అద్దెకు తెచ్చుకోండి. ఆ అద్దెను ప్రతి పని ఖర్చులోనూ విడిగా రాయండి. నెలల తరబడి అద్దె మొత్తం వాయిదాను దాటుతుంటే కొనండి. ఇప్పటికే కొనేసి ఉంటే, ఖాళీగా ఉన్న రోజుల్లో తోటి పనివాళ్లకు అద్దెకివ్వండి. అదీ కుదరకపోతే అరుగుదల ఇంకా పెరగకముందే అమ్మేయండి.